కల్వర్టు దాకా

తూము కాడినుంచి కల్వర్టు దాకా ఆరువందల అంగలు.
కొలిచింది నేనే.
నా కుడికాలు ఎడమకాలు కన్నా రెండు వేళ్ల మందం పొట్టి,
అది గూడ ఈ రోడ్డే తీసుకున్నది, ఏడేండ్ల కింద.
అందుకే ఎవడన్నా ఓడిపోతె
ముందుగాల నా అంగల మీదనే పడతడు.

మిర్యాలగూడ మిల్లుల ఎనుక
కాల్వ కట్టకు ఆనుకోని పోయే రోడ్డు.
రాత్రి పదకొండు దాటితె ఇటు లారీ గూడ రాదు.
ఉడికిన వడ్ల వాసన వస్తది,
మిల్లు బూడిద వచ్చి బనీన్ల మీద వాలుతది.

పైసలు పట్టేది నేను.
పంక్చర్ల దుకాణపోన్ని, రెండు దిక్కులా బాకీ లేనోన్ని,
అందుకని.
గౌసువి ఐదువందలవి ఇరవై,
ఏటీఎం లకెల్లి ఇప్పుడే దిగినట్టు అంచులు కోస్తున్నయి.
మట్టపల్లివి లెక్కబెట్టుడే ఒక పని:
నూర్లు, యాభైలు, పదుల కట్టకు రబ్బరు,
దులిపితె తవుడు రాలింది.
హమాలి పైసలు. ఎన్ని బస్తాలవని నేనడగలే, వాడు చెప్పలే.
రెండూ కలిపి అంగీ లోపట పెట్టుకున్న.
లోపటికి పోయినంక ఏది ఎవరిదో వాటికే తెల్వదు.

యాసంగి కోతలు. రోడ్డుకు సగం వడ్లు.
అంచుకు రాళ్లు, రాళ్ల పక్కకు పిచ్చమ్మ,
తలకింద చాట, చేతుల బ్యాటరీ లైటు.
“మీ సగం మీది, నా సగం నాది.
గింజ మీద చక్రం పడ్డదంటె మాత్రం…”
ఆ మాత్రం తర్వాత ఏముందో చెప్పలే,
అటు మర్లి పండుకున్నది.

తువ్వాల ఎత్తిన.
ఆర్ఎక్స్ పొగ తియ్యటి వాసన, పల్సర్ గురక,
కాల్వల కప్పలు ఒక్కసారే నోరు మూసినయి.
దించిన.

ఎంతసేపు అంటరు, చూడనోళ్లు.
బీడీ ముట్టించి, పుల్ల ఆర్పి, పారేసినంత సేపు.
మట్టపల్లి ముందున్నడు. ఒక చక్రం మందం, అంతే.
నిలబడ్డ కాడినుంచి నాకు ఎర్ర లైట్లే కనబడ్డయి,
రెండు.
రెండూ దగ్గరయినయి,
ఒకటి వంగింది.

రాయి దొర్లిన సప్పుడు.
గౌసు లైటు ఎలుగుల వడ్లు లేచినయి,
తొలకరికి ఉసిళ్లు లేచినట్టు,
ఏ తొందరా లేకుంట లేచి
ఏ తొందరా లేకుంట దిగినయి.

మోచేతి తోలు పోయింది. పండ్లున్నయి. మాట్లాడుతున్నడు.
గౌసు కల్వర్టు దాటి, బండి బంద్ చేసి,
నెట్టుకుంట వచ్చిండు. గెలిచిన అని అనలే.
పిచ్చమ్మ లేచింది. తిట్టలే.
చీపురు తెచ్చి గౌసు చేతుల పెట్టింది.
పదహారు మందిమి, సెల్లు లైట్లు నోట్ల కరుచుకోని
కంకర ఏరినం, గింజ ఊడ్చినం
తువ్వాలలతోని, అంగీలతోని.
పెట్రోలు తగిలినయి వేరే కుప్ప పెట్టమన్నది. పెట్టినం.
“ఎవడు గెలిచిండ్రా” అన్నది మధ్యల ఒకసారి,
వాన వస్తదా అని అడిగినట్టే.

తెల్లారంగ గౌసుకు మొత్తం ఇచ్చిన.
మాట మాటే.
లెక్కబెట్టి, తవుడు నోట్లల్లకెల్లి రెండు నూర్లు తీసి
పెట్రోలు కుప్ప మీద పెట్టి, పైన రాయి పెట్టిండు.
మట్టపల్లి అటు చూడలే.
“అన్నా, మళ్ల కొలువు,” అన్నడు,
“అది ఆరువందలు ఉండదు.”
కొలిచిన, కుంటుకుంట. ఆరువందల పదకొండు.
వాడు నమ్మలే.
నేను గూడ.

మర్లి వచ్చేసరికి పిచ్చమ్మ పడ్డ బండి కాడ కూసున్నది.
సైలెన్సరు సందుల ఇరికిన వడ్లు
వేడికి చిట్లి పేలాలయినయి,
ఒక్కొక్కటి గోటితోని తీస్తున్నది.
ఒకటి నోట్లేసుకోని, నమిలి,
“ఉప్పు లేదు” అన్నది.