అకర్మక క్రియ

తొమ్మిదో తరగతి, యూనిట్ టెస్టు, ఆరో ప్రశ్న:
'ఐడిల్' అనే క్రియను సొంత వాక్యంలో వాడుము.
రెండు మార్కులు.

రాత్రి అన్నం తిన్నాక దిద్దడానికి కూచున్నా.
నలభై ఒక్క పేపర్లలో ముప్పై తొమ్మిదింట
గైడులోంచి దిగిన ఒకే సోమరి కుర్రాడు
ఒకే చెట్టు కింద పొద్దుపుచ్చుతున్నాడు.
మస్తాన్‌వలి మాత్రం వాళ్ల చిన్నాన్నని రాశాడు.
కర్నూలు రోడ్డు మీద, బంకు ముందర
రోజంతా ఐడిలవుతాడంట ఆయన,
చేతిలో సెల్లుతో సహా.

పొద్దుపుచ్చడం.
ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆగుతాను.
మా అమ్మ వంకాయ కోసి, పురుగు చూసి,
'పుచ్చు' అని అవతల పారేసేది.
సెలవుల్లో నన్ను చూసీ అదే గొంతుతో
'ఎంతసేపట్రా పొద్దుపుచ్చుతా' అనేది.
పొద్దుకీ పుచ్చు పడుతుందని
చాన్నాళ్లు నిజంగానే అనుకున్నా,
సాయంత్రం ఆ ఎరుపంతా అదేనని.

ఇంగ్లీషువాడికి ఒక్క మాటతో సరి.
మనమేమో గోళ్లు గిల్లుకోవాలి, ఈగలు తోలుకోవాలి,
ఏమీ చెయ్యకుండా ఉండటానిక్కూడా ఇంత పని.

చివరాఖరికి పెంచలరత్నం పేపరు.
"మా నాయన రోజూ లారీని ఐడిల్ చేస్తాడు.
డీజిలు పోతుంది. లారీ పోదు."
ఎర్రసిరాతో సున్నా చుట్టాను.
పక్కన రాశాను: ఇది అకర్మక క్రియ.
దీనికి కర్త చాలు. కర్మ ఉండదు.

పేపర్లు ఇచ్చిన్నాడు ఆ పిల్ల వాదించలా.
"ఆదివారం క్వారీ కాడికి రాండి సార్" అంది.
అంతే.

చీమకుర్తి దాటి, రామతీర్థం దారిలో,
గుంత అంచున బళ్ల వరస.
ముప్పై ఒకటో, ముప్పై రెండో, లెక్క తప్పింది.
అన్నీ ఉన్నచోటే వణుకుతున్నాయి.
వాళ్ల నాయన మాలకొండయ్య
చెయ్యందించి నన్ను క్యాబిన్లోకి లాగాడు.
గేరు రాడ్డు మీద తువ్వాల వణుకుతోంది,
సీసాలో నీళ్లు వణుకుతున్నాయి,
నోరు తెరిస్తే నా మాట కూడా.

"ఇంజను ఆపొచ్చుగా?"
"సెల్ఫు మోటారు పోయింది సార్.
ఆపితే నెట్టను పదిమంది గావాల.
వాళ్ల బండి ఇడిసి ఎవురు దిగుతారు?
నేను పక్కకి తీస్తే వరస పోద్ది."
"ఎప్పుడొచ్చారు?"
"తెల్లారుజామున నాలుక్కి.
లోపల క్రేను చెడింది.
రాయి లేస్తే ట్రిప్పు, ట్రిప్పు పడితే డబ్బులు."
కాసేపు గమ్మునుండి, మీటరు అద్దం తుడిచాడు.
"డీజిలు ఓనరుది. లీటరు లీటరుకీ లెక్క రాస్తారు.
పొద్దు మనది గదా,
ఎవురు రాస్తారు?"

కర్త కోసం వరస పొడుగునా చూశాను.
క్రేను. కాంట్రాక్టరు.
ఏ రేవులోనో ఇంకా రాని ఓడ.
ఎక్కడో తన వంటింటి గట్టుకి
మెరుపు చుక్కల నల్లరాయే కావాలన్న ఒకావిడ.
ఒక్కరూ ఒప్పుకునేట్టు లేరు.
కర్మ మాత్రం నా పక్కనే ఉంది,
స్టీరింగు మీద గడ్డం ఆనించి,
కళ్లు మూతపడకుండా సోంపు నములుతూ.

నాలుగింటికి దిగొచ్చేశాను. నాకు బస్సుంది.
ఇంట్లో పెద్ద నిఘంటువు దుమ్ము దులిపితే
నాలుగో అర్థం, చీమలంత అక్షరాల్లో:
యంత్రాన్ని గానీ, మనుషుల్ని గానీ
పని లేకుండా నిలిపి ఉంచు.
సకర్మకం.

సోమవారం రెండుకి రెండు వేసి ఇచ్చాను.
కొట్టేసిన సున్నా ఇంకా కనిపిస్తానే ఉంది.
పెంచలరత్నం మార్కులు చూడకుండానే
కాయితాన్ని నాలుగు మడతలు పెట్టింది.
"నాయనకి ట్రిప్పు పడిందా?"
"రాత్రి పదకొండుకి సార్.
మీరు దిగినాక
ఇంకో ఏడు గంటలకి."