ఎండు గిన్నె

సోయా చేల మధ్య రేకుల షెడ్డు.
జూలై నెల. ఈ దేశంలో అది చలికాలం.
నేలిడా బ్రుస్కీ కొత్త గిన్నెను ట్యూబులైటు కింద
అటూ ఇటూ తిప్పి చూస్తోంది.
నాలుగు వేళ్ళ లోతు కూడా లేదు.
"ఇందులో ఇద్దరికి సూపైనా పట్టదు" అన్నాను.
"పట్టకూడదనేగా" అంది.

పాత గిన్నె గుమ్మం పక్కన బోర్లా పడి ఉంది, దాని మీద పిల్లి.
ఆరు లీటర్ల నూనె దాని కడుపులోనే ఉండేది,
పైన క్రాంకు కవ్వంలా తిరిగేది.
ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం
మేం చేసింది చల్ల చిలకడం.
వెన్న మాత్రం రాలేదు,
నురగ వచ్చింది.

రఫాయేలా శివార్ల ట్రాకులో ఆ పొడుగు మలుపు ఉంది చూశావా,
అక్కడ నూనెంతా ఒక పక్కకి ఒరిగిపోయేది,
బస్సు తిరిగినప్పుడు నిలబడ్డ జనంలా.
పంపు నోరు తెరిచి గాలి తాగేది.
నిరుడు అక్టోబరులో నాలుగో బేరింగు పట్టేసింది.
ఫిల్టరు కోసి మడత విప్పితే
రాగి తళుకులు, గోళ్ళలోకి కూడా ఎక్కాయి,
వారం కడిగినా పోలేదు.

ఇప్పుడు కడుపులో చుక్క నిలవకూడదు.
పంపు బయట, క్రాంకు పక్కన, పళ్ళ బెల్టుతో.
మూడు గదులు పీల్చడానికి,
ఒక్కటి పంపడానికి.
"ఇల్లు కూడా ఇలాగే నడవాలి" అంటుంది నేలిడా,
ఎవరి ఇల్లో చెప్పదు.
సీటు వెనక నిలువెత్తు ట్యాంకు.
నూనె పైనించి గోడకి రాసుకుంటూ దిగాలి,
సుడి తిరగాలి, గాలి విడిపోవాలి,
అడుక్కి చేరేసరికి బరువుగా, నల్లగా, మాట మీద నిలబడే మనిషిలా ఉండాలి.
ట్యాంకు నుంచి పంపుకి వెళ్ళే గొట్టం అన్నిటికన్నా లావు.
అక్కడ మొండి వంపు పెట్టానని
రెండు సార్లు విప్పించింది.
"ఎండాకాలంలో సన్న స్ట్రాతో పెరుగు తాగి చూడు" అంది,
మూడోసారి నేనే విప్పేశాను.

కోసిన ప్రతి గొట్టంలోంచీ కిరసనాయిలు పోసి ఊదాం.
ఒకదాన్లోంచి రబ్బరు ముక్క రాలింది, ఆవగింజంత.
దాన్ని తన కళ్ళజోడు డబ్బాలో దాచుకుంది.

బెల్టు తీసేసి డ్రిల్లుతో పంపు తిప్పుతున్నాను.
ఇంజను ఇంకా నిద్రలోనే ఉంది, నూనె మాత్రం దాని నరాల్లోకి ఎక్కాలి.
గేజు ముల్లు సున్నా దగ్గర.
ఫెర్మీన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు,
హెల్మెట్ లేకపోతే ఎంత చిన్న మొహం.
డ్రిల్లు చప్పుడులో ఏదో అన్నాడు.
ఆపాను.
"ఆ రోజు మూడు ల్యాపుల ముందు నుంచే ముల్లు పడుతోంది" అన్నాడు.
"మలుపులో పడేది, దారి సాఫీ కాగానే లేచేది.
లేస్తోంది కదా అని..."

పిల్లి గిన్నె దిగి బయటికి పోయింది.
నేలిడా ఏమీ అనలేదు.
మాతే చెంబులో వేడినీళ్ళు పోసి
వాడి చేతికిచ్చింది,
స్క్రూడ్రైవరు పిడి తన చెవికి ఆనించుకుని
పంపు మీద కొన పెట్టింది.
"కానీ" అంది నాతో.

ఒకటి. ఒకటిన్నర. మూడు.
నాలుగు కిలోల దగ్గర ముల్లు నిలబడి
సన్నగా వణికింది.
ట్యాంకు కింది బిగింపు దగ్గర ఒక చుక్క పుట్టింది,
పాతిక మలుపు బిగిస్తే ఆగింది.
ఫెర్మీన్ చెంబు ఖాళీ చేసి తిరిగిచ్చాడు.

"రేపు ఇంజను లేపుతాం" అంది నేలిడా.
"మట్టం వేడెక్కాక చూడాలి, తిరుగుతుండగా చూడాలి.
చల్లారాక ట్యాంకు మూత తీసి
ఎంతుందని నన్నడిగితే
నాకేం తెలుసు?"