ఏ పదకొండు?

యార్డు నుంచి వచ్చి మూడు గంటలైంది.
బ్రాడీపేట నాలుగో లైన్లో, మేడమీద గదిలో,
ల్యాప్‌టాప్ మూత తెరిస్తే ఇంకా తుమ్మొస్తుంది.
కీల సందున ఎక్కడో ఒక తేజ గింజ ఉండే ఉంటుంది.

కమీషన్ కొట్టుకి లెక్కల ప్రోగ్రాం రాసింది నేనే, పోయినేడు.
అన్నీ అంకెలే అనుకున్నాను అప్పుడు.
తూకం అంకె, తేమ అంకె, ధర అంకె,
టిక్కీ మీద రంగుతో వేసే లాటు నంబరూ అంకే.
అంకెకి కులం లేదని మురిసిపోయాను కూడా.

మార్చిలో యల్లమంద వచ్చాడు,
ఈపూరు అవతల్నుంచి, ఏడు టిక్కీలతో.
చీటీ నాలుగు మడతలు విప్పి నా ముందు పెట్టి
"అమ్మాయ్, ఈ పదకొండు ఏ పదకొండు?" అన్నాడు.

తేమ పదకొండు శాతం.
అదే పదకొండు తరుగు గడిలోకి నడిచెళ్ళి
టిక్కీకి పదకొండు కిలోలు మింగింది.
మిషను అడగలేదు. గుమస్తా పేరయ్య అడగలేదు.
రాసిన నేను అడగలేదు.
మూడో తరగతిలో బడి మానేసిన మనిషి అడిగాడు.

ఈ రాత్రి మళ్ళీ మొదట్నుంచి, వేరే భాషలో.
దీని కంపైలర్‌కి మొహమాటం లేదు.

స్ట్రక్ట్ తేమ. లోపల ఒక్క అంకె, చుట్టూ గోడ.
స్ట్రక్ట్ కిలో. లోపల అలాంటి అంకే, వేరే గోడ.
కావాలనే కిలోలోంచి తేమని తీసేసి చూశాను.
తెర మీద ఎర్రగా ఆరు లైన్ల తిట్టు.
హాయిగా అనిపించింది.
ఇంకోసారి తిట్టించుకున్నాను.

తర్వాత టిక్కీ. రైతు పేరు, రకం, తూకం, తేమ.
రకాల్లో తేజ, బ్యాడిగి, త్రీ ఫార్టీవన్,
అది అంకె కాదు, పేరు.
తాలు దగ్గర చెయ్యి ఆగింది.
తాలు రకమా, కాయకి పట్టిన గతా?
తొడిమలు తీసే దీనమ్మని రేపు అడగాలి.
ప్రస్తుతానికి విడిగా ఒక టైపు చేసి
పక్కన కూర్చోబెట్టాను.

టిక్కీకి ఇక పనులు నేర్పాలి.
తరుగు అనే మెథడ్‌కి దాన్ని అరువిస్తాను, ఇచ్చెయ్యను:
చూడు, లెక్క చెప్పు, మూతి కుట్టు విప్పకు.
అమ్మకం మాత్రం టిక్కీని టిక్కీగా పట్టుకుపోతుంది.
ఆ తర్వాత పాత పేరుతో పిలిస్తే పలకదు,
లారీకెక్కిన సరుకు
రైతుకి పలకనట్టే.

రెండున్నర. చుట్టుగుంట వైపు లారీలు గేరు మారుస్తున్నాయి.
ఆఖరి మెథడ్ పేరు వాపసు.
ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు కిలోలు, ఆనాటి ధరకి.
షావుకారు "చూద్దాంలే" అని ఎనిమిది నెలలు.
చూద్దాంలే ఏ టైపో ఎంతకీ తోచలేదు.
లోపల ఒక్క ముక్క పెట్టి వదిలేశాను:
ఇంకా రాయాలి.

కంపైలర్ ఒప్పుకుంది, పల్లెత్తు మాట అనకుండా.
నడిపిన రోజున మాత్రం
సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోతుంది,
కొట్టు నిండా జనం ఉండగా.
ఈ సంగతి షావుకారుకి చెప్పలేదు.