రెండు బస్తాల తరుగు

ఇసకపల్లి ఉప్పు కొఠార్ల మీద
పద్దెనిమిదేళ్ళు లెక్క రాశాను.
కాటా పక్కన రేకుల పాక,
ఉప్పుగాలికి తుప్పెక్కిన మడతకుర్చీ,
ఎదురుగా బల్ల మీద ఎలీషా మేస్త్రీ.

ఆయనది ఒకటే మాట:
"పైన చూసేవాడు లేకపోతే
మనిషి కాటా కింద కాలు పెడతాడు అబ్బయ్యా."
నాది ఒకటే జవాబు:
"చూసేవాడున్నాడని కాలు తీసేవాడు
మంచోడు ఎట్టవుతాడు?"
టీ చల్లారేది. లారీ డ్రైవర్లు నవ్వేవాళ్ళు.
ఏటా జొన్నవాడ పోయి గుండు చేయించుకునే షావుకారు మాత్రం
బస్తాకి కిలో తరుగు తీయించి
దానికి ధర్మం అని పేరు పెట్టేవాడు.
ఆ గడి నా చేత్తోనే గీశాను, ఎర్రసిరాతో.

రోహిణి కార్తె. మడుల మీద చూపు ఆనని తెలుపు.
మస్తానమ్మ కౌలుమడుల కుప్ప
నలభైమూడు బస్తాలు తూగింది.
నలభైఒకటి అని రాశాను.
షావుకారు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.
ఆ వారమే నా సైకిలు చైను తెగింది,
అది కారణం కాదు, ఊరికే గుర్తుంది.
రెండు బస్తాలూ చీకటి పడ్డాక
ఒక డ్రైవరుకి అమ్ముకున్నాను.

పైన ఎవరూ లేరని నాకు తెలుసు.
పోలీసులు రారని తెలుసు.
ఆమెకి అక్షరం రాదని ఇంకా బాగా తెలుసు.
మరి ఆ రాత్రి
అన్నంలో ఉప్పెక్కువైందని
ఎవరి మీద అరిచాను?

మూడో ఏడు, పాక మీద వాన దరువేస్తుంటే
ఎలీషాకి చెప్పాను.
ఎగిరిపడతాడనుకున్నా.
చాలాసేపు కాటా గొలుసు చూసి
"నేనూ ఒకసారి చేసుండా" అన్నాడు.
"ఆదివారం మోకాళ్ళూనా. క్షమాపణ దొరికింది."
"ఎవరి బస్తాలు?"
మాట్లాడలేదు.
పోగొట్టుకున్నది ఒకరు, మాఫీ చేసింది ఇంకొకరు!
అల్లూరు దాకా సైకిలు తొక్కుతూ
గెలుస్తూనే ఉన్నాను.
కాలవ వంతెన మీద దిగిపోయాను.
ఆయనకి మోకాళ్ళూనడానికి ఒక చోటన్నా ఉంది.
నాకున్నది మస్తానమ్మ గడప ఒక్కటే,
మూడేళ్ళుగా నేను చుట్టు తిరిగి పోతున్న గడప.

పుష్యంలో పోయాను.
పగిలిన పాదాలకి ఆముదం రాసుకుంటా ఉంది.
కవరు చూసి, "తెలుసులేయ్యా" అంది.
"బస్తాకొక గవ్వ కొంగున కట్టుకుంటా."
"మరి అడగలేదే?"
"నలుగురిలో అడిగితే
ఆ కుర్చీలో మళ్ళా కూచోగలవా నువ్వు?"

కసుమూరు దర్గా మొక్కుతో వచ్చిన పేరు ఆమెది.
నుదుటి బొట్టు పోలేరమ్మది.
నీకిట్టా ఎవరు నేర్పారు అని అడిగాను.
పాడు అలవాటు, నిలబడ్డ చోటల్లా పునాది తవ్వడం.
అర్థం కానట్టు చూసింది.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది,
పది రూపాయలు వెనక్కిచ్చింది:
"ఆ ఏడు రేటు ఇంత లేదు."
ఇచ్చి, "రేపు మడి తొక్కాల, నడుం వాల్చాల, ఇంక పో" అంది.

ఉప్పుమడికి పునాది ఉండదు.
వానలు వెనకబట్టాక
ఒకరి వెనక ఒకరు వరసకట్టి
బురదని పాదాలతో తొక్కుతారు,
రోజుల తరబడి, రాయయ్యేదాకా.
అప్పుడు సముద్రాన్ని లోపలికి పిలుస్తారు.
మళ్ళీ వాన వస్తుంది. మళ్ళీ బురద.

ఎలీషా పోయి నాలుగేళ్ళు.
సమాధి మీద రాసిన వాక్యానికి
నా నోట జవాబు తయారుగానే ఉంది,
టీ తెప్పించేవాడు లేడు.

పాత లెక్కపుస్తకం నా దగ్గరే ఉంది.
మొన్న తీసి, నలభైఒకటి కొట్టేసి
నలభైమూడు దిద్దాను.
ఈ గాలికి
సిరా ఇంకా ఆరినట్టు లేదు.