రెండు ఈలలు

పద్దెనిమిదేండ్ల సంది
ఈ ఈల నా నోట్లనే ఉంది.
ఒకటి ఊదితె ఆగాలె,
రెండు ఊదితె పోవాలె.
పాలమూరు నుంచి నారాయణపేట దాక
కుర్మయ్యన్న చేతుల స్టీరింగు,
నా పెదవుల మీద బ్రేకు.

దినాం రెండువందల అరవై కిలోమీటర్లు తిరిగి
నూరు అడుగులు నడవని మనిషిని నేను.
ఉరికేది బస్సు. నేను నిలబడేదాన్ని.

ఎండకాలం మొదట్ల
పరగడుపు షుగరు నూటడెబ్బై ఎనిమిది వచ్చింది.
డాక్టరమ్మ చీటి మీద నుంచి కండ్లెత్తకుంటనె
"రోజు గంటసేపు నడువు" అన్నది.
నా గంటలన్నీ టికెట్ మిషన్ల ఉన్నయమ్మా
అందామనుకున్న, అనలే.
బస్సుకు టైమయితుండె.

మా అక్క బిడ్డ నవనీత
కానిస్టేబుల్ సెలక్షన్లకు
మబ్బుల్నే స్టేడియంల ఉరుకుతది.
తోడు రమ్మన్నది. ఈల గూడ తెమ్మన్నది.
"చిన్నమ్మా, రెండు ఊది ఇరవై లెక్కవెట్టు,
పానం వెట్టి ఉరుకుత.
ఒకటి ఊది నలభై లెక్కవెట్టు,
నడుస్త. ఎనిమిది మాట్లు. గంతే."

గంతేనా?
ఇది పల్లెవెలుగు బస్సు పోయే తీరే గదా!

నాలుగొద్దులు ఊదిన.
ఐదో నాడు రెండు ఊది
నేనే కదిలిన.

కింద నవనీత పాత ట్రాక్ పాయింటు,
మీద నా ఖాకీ కోటు.
వాకింగు సార్లు నవ్విన్రు.
నవ్వనీ, నవ్వుకు టికెట్టు లేదు.
ఇరవైల పదకొండు కాంగనె
పొద్దటి చాయ గొంతు దాక ఎగదన్నింది.
పిక్కలు రాయయినయి.
ఆ దినం మరికల్ దాక
కూలవడి టికెట్లు కొట్టిన.

ఏం లాభం అయిందంటె
వరుసవెట్టి చెప్పరాదు నాకు.
ఫుట్‌బోర్డు మీద కాలు వెట్టంగ
మోకాలు పట్టుకునే చెయ్యి
ఎప్పుడు మానిందో యాదికి లేదు.
రాత్రి తల వాల్చంగనె నిద్ర,
డిపోల బండి ఇంజను బంద్ చేసినట్టు.
ఇంకొకటి ఉంది:
మొదట్ల, ఆగే ఈల ఊదినంక గూడ
బ్రేకు పడని లారీ లెక్క
గుండె ఉరుకుతనే ఉండేది.
ఇప్పుడు ముప్పై లెక్కవెట్టే లోపల
తన స్టేజీ తానే చూసుకొని ఆగుతది.
ఉరుకుడు ఎవరన్న నేర్పుతరు,
ఆగుడు నేర్చుకున్నది నా గుండె.

మొన్న మరికల్ చౌరస్తల ఒక తాత దిగిండు.
బస్సు కదిలినంక చూస్తె
సీటు కింద మందుల సంచి.
తాత అవతల ఆటోల ఎక్కిండు,
ఆటో గూడ కదిలింది.
ఒక ఈల ఊదిన, దునికిన.
లెక్కవెట్టలే గని ఇరవై దాటలే,
ఆటో ఎనక రేకు మీద
నా చెయ్యి దబ్బున వడ్డది.
వచ్చి ఎక్కినంక
కుర్మయ్యన్న అద్దంల చూసి
"ఏమక్కా, ఇంజను మార్పించినవా?" అన్నడు.

మల్ల పరీక్షకు నూటముప్పై నాలుగు.
"ఎంతసేపు నడుస్తున్నవ్?"
"ఎనిమిది నిమిషాలు మేడం."
ఈసారి కండ్లెత్తి చూసింది.

నవనీతది మాత్రం తప్పిపోయింది.
ఎనిమిదివందల మీటర్లల్ల మూడు సెకండ్లు.
మూడంటె మూడు.
ఇంట్ల ఎవ్వరు ఏం మాట్లాడలే,
రొట్టెలు చల్లారిపోయినయి.

తెల్లారి మబ్బుల్నే
పిలవకుంటనె వచ్చి గీత కాడ నిలబడ్డది.
ముఖం ఉబ్బి ఉంది.
ఒక ఈల ఊదిన.
"ఇంకా ఉరకనే లేదు గదా చిన్నమ్మా?"
"రాత్రంత ఉరికినవ్ గని, ఆగు."
దాని పక్కన నిలబడి
నలభై లెక్కవెట్టిన,
జెర మెల్లగ.