కుక్కను పట్టుకో

ఇక్కడ ఎవరూ తలుపు తట్టరు.
కంచె బయటే నిలబడి కేకేస్తారు:
"కుక్కను పట్టుకో!"
లోపల కుక్క ఉన్నా లేకపోయినా అదే కేక.
నేనూ అలాగే అరిచాను,
పెదాలు చలికి పగులుతుంటే,
ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు మీద,
బొగ్గుపొగ కమ్మి పగలే దీపాలు వెలిగే సందులో.

దులమ్‌సురేన్ తల బయటపెట్టింది.
"కుక్క నిరుడే పోయింది, తెమూలెన్.
కరిచేది ఇప్పుడు లోపలుంది. రా."

గడప తొక్కకుండా దాటాను.
గుండ్రటి గుడారం, నడుమ పొయ్యి,
పొయ్యి పక్కన ఉన్ని చెప్పుల గుట్ట,
కుట్టినవి, కుట్టాల్సినవి, జత తప్పినవి.
మంచం పక్కన చెక్కపెట్టె మీద పాత కంప్యూటర్,
దాని నెత్తిన లేసు గుడ్డ.
కరెంటు రోజుకి నాలుగుసార్లు పోతుంది.
వచ్చిన ప్రతిసారీ అది కళ్ళు తెరిచి
ఆవిణ్ణే అడుగుతుంది: ఎవరు నువ్వు?

"నా డబ్బుతో కొన్నాను. నా ఇంట్లో ఉంది.
నా కరెంటు తాగుతుంది.
తాగి, నన్నే ఎవరు నువ్వంటుంది!
జిగురు చేతులతో కొడితే తప్పంటుంది.
లిపి మారిపోయి ఉంటే తప్పంటుంది.
ఐదోసారికి, కాసేపాగి రమ్మంటుంది,
జిల్లా ఆఫీసు గుమాస్తాలా."

చెప్పాల్సింది చెప్పాను:
ఇకమీదట ఎవరు మీట నొక్కినా
తిన్నగా లోపలికి వెళ్ళిపోతారు,
నీ ఉత్తరాలు, ఫోటోలు, లెక్కలు, అన్నీ.
పొయ్యిలో బొగ్గు వేస్తూ అంది:
"లెక్కలా? ఎవరెంత బాకీనో వీధంతా ఎరుగును,
బాకీ ఉన్నవాళ్ళు తప్ప."

రెండు మీటలు కలిపి నొక్కాను.
ఒక చిన్న కిటికీ తెరుచుకుంది.
అందులో ఒక వాక్యం, దాని పక్కన టిక్కు.
టిక్కు తీసేశాను.
అంతే అనుకుంటారు అందరూ. కాదు.
అప్పుడే అది పాస్‌వర్డ్ చెప్పమంటుంది.
చెప్పాక, మళ్ళీ చెప్పమంటుంది.
ఇంకెన్నడూ అడక్కుండా ఉండాలంటే
దానికి రెండుసార్లు చెప్పుకోవాలి.

"అటు తిరుగు," అంది.
తిరిగాను.
గోడకున్న క్యాలెండరులో ఎవరో వస్తాదు
ఏడాది పొడవునా తొడ చరుస్తున్నాడు.
నా వెనక ఏడు మీటల చప్పుడు.
ఆగి, మళ్ళీ ఏడు.

"పోయిందా?"
పోలేదన్నాను. లోపలే ఉంటుంది.
కుక్కను చంపలేదు, కట్టేశాం.

పనిలో పనిగా
చెప్పుల ఆర్డర్ల పట్టిక కూడా
దానంతట అదే తెరుచుకునేట్టు పెట్టాను.
మా మాటలు విన్నట్టే కరెంటు పోయింది.
పొయ్యి వెలుగులో ఉప్పు టీ పోసింది.
సగం తాగామో లేదో, వచ్చేసింది.

ఈసారి ఎవరు నువ్వనలేదు.
ఊళ్ళూ కొలతలూ జతలూ
పరిచేసినట్టు ముందుకొచ్చాయి.
కానీ వేళ్ళకెవరు చెప్పాలి?
అవి వాటి దారిన అవి వెళ్ళి
ఏడు అక్షరాలు కొట్టి, ఎంటర్ కూడా కొట్టాయి.
కొన్నవారి పేరు అన్న గడిలో,
చుక్కల ముసుగు లేకుండా, బహిరంగంగా:
జేర్ద్71

జేర్ద్ అంటే ఎర్రగోధుమ రంగు.
మేం గుర్రాలకు పేర్లు పెట్టం,
రంగుతోనే పిలుస్తాం.
డెబ్భై ఒకటిలో ఆవిడకు ఏడేళ్ళుంటాయేమో,
పందెం గుర్రాలెక్కే వయసు.
నేనేమీ అడగలేదు.
టీ మీద తేలుతున్న మీగడని
చాలా శ్రద్ధగా చూశాను.

చెరిపేస్తుందనుకున్నాను.
వేలు చెరిపే మీట మీదికి వెళ్ళింది కూడా.
అక్కడే కాసేపు ఉండి, పక్క గడికి జరిగింది.
ఎన్ని జతలు?
రెండు, అని కొట్టింది.
బాకీ గడి ఖాళీగా వదిలేసి,
నాకివ్వాల్సింది అప్పుడు గుర్తొచ్చినట్టు
డబ్బుల డబ్బా కోసం లేచింది.