పెన్సిల్ జాబితా

జూన్ నెల. వాల్పరాయిసోలో చలికాలం.
కొండ ఎక్కించి దించే పెట్టెలు ఆగిపోయాయి.
రెండు వందల పదహారు మెట్లు దిగి
ఆసుపత్రికి నడుస్తున్నాను.
మాస్కు వెనక నన్ను గుర్తుపడుతున్నవి
ఈ వీధికుక్కలే.

మూడో థియేటరులో బల్ల తీసేశారు.
మత్తు ఇచ్చే యంత్రం
ఊపిరి పోసే పనికి మారింది.
పేగులు కుట్టుకుంటూ నేను నిలబడ్డ దీపం కింద
ఒక బస్సు డ్రైవరు బోర్లా పడుకుని ఉన్నాడు.
అతన్ని వెల్లకిలా తిప్పడానికి అయిదుగురం కావాలి.
నా వంతు ఎడమ భుజం.
ఇరవై రెండేళ్ల సర్జరీ చివరికి
ఒక భుజం పట్టుకోవడం.

నా దగ్గర ముప్ఫై ఒక్క పేర్లు.
వారానికి మూడు ఖాళీలు.
పైనుంచి కాగితం వచ్చింది:
ఆగలేనివి, ఆగగలిగేవి, ఆగవలసినవి.
మూడోదాని అర్థం ఏమిటని అడిగితే
డైరెక్టరు కళ్లద్దాలు తీసి
చాలాసేపు తుడుచుకున్నాడు.

పెన్నుతో రాయడం మానేశాను.
ఒక పేరు పైకి జరిపితే
ఇంకొకటి కిందికి జారుతుంది.
రబ్బరు పొట్టు ఊదేస్తాను.
అందులో ఎవరి పేరు ఎంతో
చెప్పలేను.

థైరాయిడ్ గడ్డ మన్సీయాది.
ఏడాది ఆగినా ఏమీ కాదు.
రోజూ ఫోన్ చేసి అరుస్తాడు.
నెల్లీ ఒయార్సూన్‌ది పెద్దపేగు.
"ఆరు వారాలు ఆగుదాం" అని ఏప్రిల్‌లో చెప్తే
"పొయ్యిలో రొట్టెలున్నాయి డాక్టర్, మళ్లీ మాట్లాడదాం" అంది.
మాట తప్పించడానికి అనలేదు.
వెనకాల పళ్లేల చప్పుడు వినిపించింది.
మళ్లీ చెయ్యలేదు.
ఆరు వారాలు తొమ్మిదయ్యాయి.

నా దగ్గర పని నేర్చుకునే అమారో అడిగాడు,
"ఈ లెక్క మీకు ఎవరు నేర్పారు?"
ఎవరూ నేర్పలేదు.
కొయ్యడం నేర్పారు, కుట్టడం నేర్పారు,
ఎప్పుడు కత్తి కింద పెట్టాలో కూడా నేర్పారు.
కత్తి ఎత్తకముందే చెయ్యి దించుకోవడం
ఏ పాఠంలోనూ లేదు.

గురువారం తెల్లవారుజామున డ్రైవరు పోయాడు.
ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి:
నాకు మొదట తోచింది
అయ్యో అని కాదు,
నెల్లీ అని.
ఆ తర్వాతే చార్టు తిప్పి అతని పేరు చదివాను.
ఓస్వాల్దో. పదకొండు రోజులు నేను మోసిన భుజం.
గంట తిరక్కుండానే ఆ యంత్రానికి
ఇంకొకరు వచ్చారు.

నెల్లీ వంతు జూలై చివర్లో వచ్చింది.
గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాం
అనుకుంటూ పొట్ట తెరిచాను.
కాలేయం మీద మూడు తెల్లచుక్కలు.
ఏప్రిల్ ఫోటోలో లేవు.
ఉండి, నాకు కనబడలేదేమో.
ఈ రెండు వాక్యాల మధ్యే
రాత్రుళ్లు తిరుగుతున్నాను.

పేగు కోసి కలిపాను.
చుక్కలకి మందు రాశాను.
మెలకువ వచ్చాక ఆమె అడిగింది,
"డాక్టర్, భోంచేశారా?"

పాత జాబితా ఇంకా నా సొరుగులో ఉంది.
చెరిపిన చోట కాగితం పలచబడింది,
రాత పోయినా నొక్కు పోలేదు.
చేతి తొడుగు తీసి తడిమితే
ఇప్పటికీ చదవగలను,
కిందనుంచి పైకి.